రుబీడియం స్పిన్లు మాట వినకపోతే: సమస్య - పరిష్కారం

రుబీడియం-87 కండెన్సేట్‌ను (పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలో ఉండే అతిశీతల మేఘం) 1064 నానోమీటర్ల లేజర్ ట్రాప్‌లో, ఎఫ్=1, ఎమ్=0 స్థితిలో (ఎఫ్ పరమాణువు మొత్తం స్పిన్, ఎమ్ అది క్షేత్రం దిక్కున ఎంత ఉందో చెప్పే అంకె) సిద్ధం చేసి వదిలితే పరమాణువులు జంటలుగా ఢీకొని ఎమ్=+1, −1 స్థితుల్లోకి మారాలి. మారకపోతే ముందు అనుమానించాల్సింది అయస్కాంత క్షేత్రాన్నే.

సమస్య: సెకను గడిచినా అన్నీ సున్నా స్థితిలోనే ఉన్నాయి.

కారణం: క్షేత్రం ఎక్కువైంది. జంట మారడానికి అడ్డుపడే శక్తి క్షేత్రం వర్గంతో పెరుగుతుంది. 1 గాస్ దగ్గర ఒక్కో పరమాణువుకు సుమారు 72 హెర్ట్జ్ (శక్తిని ఇక్కడ పౌనఃపున్యంగా చెబుతున్నాం). స్పిన్ మార్పిడి శక్తి, అంటే ఢీకొన్న జంటను మార్చే శక్తి, మామూలు సాంద్రతల్లో కొద్ది హెర్ట్జే. అడ్డు దానికి రెట్టింపు దాటిందంటే మార్పిడి మొదలే కాదు. హైదరాబాద్‌లో భూమి క్షేత్రమే సుమారు 0.4 గాస్, అంటే కాయిల్ వేయకముందే 11 హెర్ట్జ్ పైన.

పరిష్కారం: ఇక్కడ భూక్షేత్రంలో ఎక్కువ భాగం అడ్డంగా ఉత్తరానికి ఉంటుంది. అందుకే ముందు ఉత్తర-దక్షిణ కాయిల్ జంటను, తర్వాత నిలువు జంటను సరిచేయండి. 0.1 గాస్‌కు దించితే అడ్డు 0.7 హెర్ట్జే. పూర్తిగా సున్నా మాత్రం చేయకండి, స్పిన్లకు దిక్కు నిలవదు.

చాంబర్ బయట గాస్‌మీటర్ చూపే అంకెతో సరిపెట్టుకోవద్దు. పరమాణువులనే అడగాలి: −1 స్థితిలో ఉంచి, 1 మిల్లీసెకను రేడియో పల్స్ ఇస్తూ, పౌనఃపున్యాన్ని అర కిలోహెర్ట్జ్ చొప్పున జరపండి. 70 కిలోహెర్ట్జ్ దగ్గర స్థితి మారితే క్షేత్రం 0.1 గాస్.

సమస్య: స్థితి మారే ఆ పౌనఃపున్యం (శిఖరం) షాట్‌కో చోట, అంటే ప్రయోగం నడిపిన ప్రతిసారీ వేరే చోట, కనిపిస్తోంది.

1 మిల్లీగాస్ తేడాకే 0.7 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. షాట్‌ను 50 హెర్ట్జ్ కరెంటు లైన్‌తో ట్రిగ్గర్ చేయండి. అప్పటికీ కదులుతుంటే లిఫ్టు, ఏసీ కంప్రెసర్ నడిచే వేళలతో పోల్చి చూడండి.

సమస్య: +1 ఒక పక్కకు, −1 మరో పక్కకు విడిపోతున్నాయి.

ప్రతి షాట్‌లో +1 అదే పక్కకు చేరితే గ్రేడియెంట్ (చోటును బట్టి క్షేత్రం మారడం) ఉన్నట్టే. పక్కలు మారుతుంటే అది స్పిన్లు తమంతట తాము కట్టిన గుంపు. మీరు వెతుకుతున్నది అదే కావచ్చు, దాన్ని చెడగొట్టకండి. సెంటీమీటరుకు 10 మిల్లీగాస్ గ్రేడియెంట్, 20 మైక్రాన్ల మేఘంలో ఈ చివరికీ ఆ చివరికీ 14 హెర్ట్జ్ తేడా తెస్తుంది. మార్పిడి శక్తిని మింగేయడానికి అది చాలు. అయాన్ పంపు అయస్కాంతం, దగ్గరున్న స్టీలు మరలు చూడండి. ఇత్తడి లేదా టైటానియం మరలు వేసి, మిగిలినదాన్ని ఎదురు కరెంటు కాయిల్ జంటతో తీసేయండి.

సమస్య: మార్పిడి మరీ తొందరగా మొదలవుతోంది.

ముందే మిగిలిపోయిన ±1 పరమాణువులు విత్తనాలవుతున్నాయి. రెండు గాస్‌ల దగ్గర, మార్పిడి ఆగి ఉండగానే, 6.8 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌తో వాటిని ఎఫ్=2కి ఎక్కించి 780 నానోమీటర్ల కాంతితో తోసేయండి. క్షేత్రాన్ని దించేది ఆ తర్వాతే.