పాత కంప్యూటర్ల మధ్య ప్రోగ్రామ్ మారిస్తే మొరాయిస్తోందా? ముందు కంపైలర్‌ని చూడండి

సమస్య: సి భాషలో రాసిన ప్రోగ్రామ్ ఎర్రర్ లేకుండా కంపైల్ అవుతుంది (అంటే మెషీన్ భాషలోకి మారుతుంది), కానీ లెక్క 32767 దాటగానే మైనస్‌లోకి పోతుంది.

కారణం: ఇంట్ సైజు, అంటే సి భాషలో మామూలు పూర్ణాంకానికి ఇచ్చే చోటు. డాస్ (పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) మీద టర్బో సి కంపైలర్ ఇంట్‌కి 16 బిట్లే ఇస్తుంది. అమీగా కంప్యూటర్ మీద లాటిస్ సి కంపైలర్ 32 ఇస్తుంది. అదే అమీగా మీద మాంక్స్ ఆజ్‌టెక్ సి పాత వెర్షన్లు మామూలుగా 16 ఇస్తాయి. అంటే ఈ తేడా మెషీన్‌ది కాదు, కంపైలర్‌ది.

పరిష్కారం: ఏ కంపైలర్ వేగం ఎంత అన్నది తర్వాత. పాత కోడ్ ఏ సైజు ఇంట్‌ని నమ్ముకుని రాశారో తెలుసుకుని, అదే సైజు ఇచ్చే కంపైలర్ తీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. అలాంటిది దొరక్కపోతే పెద్ద లెక్కలన్నీ లాంగ్ అనే పెద్ద పూర్ణాంక రకంలోకి మార్చాలి. తెర మీద విలువలు చూపించే ప్రింట్‌ఎఫ్‌లో కూడా ‘%డి’ని ‘%ఎల్‌డి’ చేయాలి. అది మరిచిపోతే లోపల లెక్క సరిగ్గానే ఉన్నా తెర మీద చెత్త అంకెలే కనిపిస్తాయి.

సమస్య: డాస్‌లో సేవ్ చేసిన 1, అమీగాలో 256 అయింది.

దీనికి ఏ కంపైలరూ మందు కాదు. డాస్ పీసీలోని 8086 ప్రాసెసర్ విలువలో తక్కువ స్థానం బైట్‌ని ముందు పెడుతుంది, అమీగాలోని 68000 ప్రాసెసర్ ఎక్కువ స్థానం బైట్‌ని ముందు పెడుతుంది. స్ట్రక్చర్‌ని (కొన్ని విలువల్ని కలిపి ఉంచిన కట్టని) ఉన్నపళంగా ఫైల్‌లోకి రాసేయకుండా, ఒక్కో బైట్‌నీ మీరే వరుసలో రాసి, అదే వరుసలో చదవండి.

సమస్య: డాస్‌లో హాయిగా నడిచింది, అటారీ ఎస్‌టీలో మూడు బాంబు బొమ్మలు వచ్చి ఆగిపోయింది.

బేసి అడ్రస్ నుంచి 16 బిట్ల విలువని ఒకేసారి చదివితే 8086 సర్దుకుపోతుంది, అటారీ ఎస్‌టీలోని 68000 ఒప్పుకోదు. ఆ మూడు బాంబులకు అర్థం అడ్రస్ ఎర్రర్. బైట్ పాయింటర్‌ని (ఒక బైట్ అడ్రస్‌ని) ఇంట్ పాయింటర్‌గా కాస్ట్ చేసిన, అంటే ఇంట్ అడ్రస్‌గా మార్చి వాడిన చోట్లు వెతకండి, దాదాపుగా అక్కడే దొరుకుతుంది.

సమస్య: డాస్‌లో ఫైల్ మధ్యలోనే అయిపోయినట్టు చూపిస్తోంది.

విలువ 26 ఉన్న బైట్ తగిలింది. టెక్స్ట్ మోడ్‌లో అదే ఫైల్ ముగింపు. డాస్‌కి ముందున్న సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ నాటి అలవాటు. బైనరీ మోడ్‌లో తెరవండి.

సమస్య: 286 ప్రాసెసర్ ఉన్న పీసీలో నడిచే ప్రోగ్రామ్ అంతకన్నా పాత 8088 ఉన్న పీసీలో బిగుసుకుపోతుంది.

టర్బో సి ఆప్షన్లలో 80186 ఇన్‌స్ట్రక్షన్లు ఆన్ అయి ఉంటాయి. 8088కి అవి తెలియవు, తెలియవని చెప్పడమూ రాదు. ఆ ఆప్షన్ ఆపి, మొత్తం ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ చేయండి.