టెస్ట్ సర్వర్ సర్టిఫికెట్‌ని జావా క్లయింట్ నమ్మేలా చేసుకున్న తీరు

టెస్ట్ సర్వర్‌లోని సోప్ సర్వీస్‌కి (ఎక్స్ఎంఎల్ సందేశాలతో నడిచే వెబ్ సర్వీస్) మా జావా క్లయింట్ నుంచి కాల్ వెళ్లిన ప్రతిసారీ ఒకటే ఎర్రర్: ‘పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్’. అంటే సర్వర్ తన గుర్తింపుగా చూపిన సర్టిఫికెట్ నుంచి జావా నమ్మే సర్టిఫికెట్ దాకా దారి దొరకలేదని. నా బ్రౌజర్‌లో మాత్రం అదే యూఆర్ఎల్ చక్కగా తెరుచుకునేది. నా బ్రౌజర్ ఆపరేటింగ్ సిస్టమ్ నమ్మే సర్టిఫికెట్ల జాబితాని కూడా చూస్తుంది. జావా చూసేది తన సొంత ‘సీఏసర్ట్స్’ ఫైల్‌ని. మా సర్టిఫికెట్ మీద సంతకం చేసిన అంతర్గత సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే అథారిటీ) రూట్ సర్టిఫికెట్ అందులో లేదు.

ఏ సర్టిఫికెట్ వచ్చినా కళ్లు మూసుకుని ఒప్పుకునే ట్రస్ట్ మేనేజర్ (సర్టిఫికెట్‌ని నమ్మాలో లేదో తేల్చే కోడ్) రాసేయమని సలహా వచ్చింది. నేను రాయలేదు. అలాంటి కోడ్ పొరపాటున ప్రొడక్షన్‌లోకి వెళ్తే, మధ్యలో ఎవరు కూర్చుని డేటా చదివినా మనకు తెలియదు.

ఆ రూట్ సర్టిఫికెట్ తీసుకుని, జావాతో పాటు వచ్చే కీటూల్‌లో ‘ఇంపోర్ట్‌సర్ట్’ కమాండ్‌తో కొత్త ట్రస్ట్‌స్టోర్ (నమ్మే సర్టిఫికెట్లు ఉండే ఫైల్) చేశాను. ‘జావాఎక్స్ డాట్ నెట్ డాట్ ఎస్ఎస్ఎల్ డాట్ ట్రస్ట్‌స్టోర్’ ప్రాపర్టీలో దాని పాత్ ఇచ్చాను. సోప్ కాల్ వెళ్లింది. కానీ అప్పటిదాకా బాగా నడుస్తున్న బయటి పబ్లిక్ సర్వీస్ కాల్ అదే ఎర్రర్‌తో పడిపోయింది! చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఆ ప్రాపర్టీ పాత జాబితాకి కొత్తది కలపదు, పాతదాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తుంది. అందుకే సీఏసర్ట్స్‌నే కాపీ చేసి (ఎవరూ మార్చకపోతే పాస్‌వర్డ్ ‘చేంజ్‌ఇట్’), ఆ కాపీలో మా రూట్ చేర్చాను. రెండు కాల్స్ వెళ్లాయి.

ఇంకో టెస్ట్‌లో పేరు సరిపోలలేదని ఎర్రర్ వచ్చింది. అక్కడ యూఆర్ఎల్‌లో ఐపీ అడ్రస్ ఉంది, సర్టిఫికెట్‌లో ఉన్నది హోస్ట్‌నేమ్. వెరిఫికేషన్ ఆపకుండా యూఆర్ఎల్‌నే మార్చాను.