ఉగాండాలో బోరింగు పనికి వెళ్లే విద్యార్థులకు

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మన పిల్లలు ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ స్టూడెంట్ చాప్టర్‌లో చేరామని చెబితే నాకు చాలా సంతోషం. పేద దేశాల ఊళ్లకు నీళ్లు, వంతెనల్లాంటి పనులు చేసిపెట్టే ఈ సంస్థను అమెరికాలో ప్రొఫెసర్ బెర్నార్డ్ అమడే 2002లో కొలరాడోలో మొదలుపెట్టారు. నేను పనిచేసింది ఉగాండా నీళ్ల ప్రాజెక్టులో, అందుకని ఆ పని గురించే చెబుతాను.

చేరగానే డిజైన్ మీద పడకండి. ఆ దేశంలో ఏ పంపు వాడుతున్నారో ముందు కనుక్కోండి. ఉగాండాలో యూ2 అనే పంపు ఉంటుంది. అది మన ఊళ్లలోని ఇండియా మార్క్ 2 బోరింగే, కొద్ది మార్పులతో. నల్గొండ జిల్లాలో పెరిగిన నాకు ఆ హ్యాండిలు, లోపలి చైను, రాడ్లు అన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే. అదే మలావీలో అయితే ఆఫ్రిదేవ్ అనే వేరే రకం చేతిపంపు వాడతారు. ల్యాబ్‌లో సొంతంగా కొత్త పంపు తయారు చేయాలని ఎవరికైనా ఉంటుంది. కానీ వాషర్ అరిగిన రోజున దగ్గరి టౌనులో సామాను దొరక్కపోతే ఆ పంపు ఊరికి బరువే.

ఊరికి వెళ్లాక పంపును ఇలా చూడండి. యూ2 సిలిండర్ లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ ఒకసారి కదిలే దూరం) 125 మిల్లీమీటర్లు. అంటే ఒకసారి నిండుగా కొడితే లెక్క ప్రకారం 400 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ రావాలి. నిమిషంలో 40 సార్లు కొట్టి జెర్రీక్యాన్‌లో పట్టండి. 12 లీటర్లు, ఆపైన వస్తే పంపు బాగున్నట్టే. సగమే వస్తే వాషర్లు అరిగి ఉండొచ్చు, పైపుకు చిల్లు పడి ఉండొచ్చు. తర్వాత పంపును అరగంట ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ కొట్టండి. చాలాసేపు కొడితే గాని నీళ్లు రాలేదంటే కింది వాల్వు దగ్గరో, పైపు జాయింట్లలోనో నీళ్లు జారిపోతున్నాయి.

నీళ్ల పీహెచ్ (ఆమ్లగుణం ఎంతుందో చెప్పే కొలత) తప్పకుండా కొలవండి. అది 6.5 కన్నా తక్కువుంటే జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) త్వరగా తుప్పు పడతాయి. నీళ్లు ఎర్రబడతాయి, ఇనుము వాసన వస్తుంది, బట్టలకు మరకలు పడతాయి. అప్పుడు పంపు పనిచేస్తున్నా ఆడవాళ్లు బిందె నీళ్ల కోసం గుంటకే వెళతారు. అలాంటి చోట వాషర్లు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, పైపులే మార్చాలి. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ పరీక్షలు కూడా చేయించండి. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆర్సెనిక్ పరీక్ష లేకుండా వేసిన బోర్ల వల్ల బంగ్లాదేశ్‌లో ఎంత నష్టం జరిగిందో ప్రతి నీళ్ల ఇంజినీరూ చదవాలి. మా జిల్లాలో ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన పెద్దవాళ్లను చూశాను కాబట్టి ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక మనుషులతో మాట్లాడటం. ఊరి నీళ్ల కమిటీ పెద్దలు చెప్పేది వినండి, ఆ తర్వాత పంపు దగ్గర క్యూలో నిలబడ్డ ఆడవాళ్లను, పిల్లలను విడిగా అడగండి. పోయినసారి పంపు చెడితే ఎవరు బాగుచేశారు? డబ్బు ఎవరిచ్చారు? పంపు ఎన్నాళ్లు పనిచేయకుండా ఆగిపోయింది? అక్కడ ప్రాంతాల వారీగా పంపు మెకానిక్‌లు ఉంటారు. మొదటిరోజే ఆ ప్రాంతం మెకానిక్‌ను పిలిపించండి, కూలి ఇవ్వండి, పానా ఆయన చేతిలోనే ఉండనివ్వండి. మీరు రాడ్లు పట్టుకుని నేర్చుకోండి.

ప్రయాణం విషయం. ఎఫ్-1 (విద్యార్థి) వీసాలో ఉన్నవాళ్లు కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం తీసుకోండి, పాస్‌పోర్టులో అమెరికా స్టాంపింగ్ గడువు చూసుకోండి. అది అయిపోయి ఉంటే తిరిగి రావడానికి మళ్లీ వీసా కావాలి, ఆ టెన్షన్ మీకొద్దు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఉగాండా నుంచి నేరుగా ఇండియాకు వచ్చేవాళ్లు ఆ సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో ఉండాల్సి వస్తుంది.

ఈ సంస్థలో ఒక ఊరితో ఒప్పందం ఏళ్ల తరబడి సాగుతుంది, మీ ఎమ్మెస్ మాత్రం రెండేళ్లలో అయిపోతుంది. అందుకే పంపు కొలతలు, పీహెచ్ రీడింగులు, సామాను దొరికే షాపు, మెకానిక్ నంబరు ఒకే ఫైల్లో పెట్టండి. మీ తర్వాత నెలనెలా ఆయనకు ఫోన్ చేసే జూనియర్ ఎవరో మీరు కాలేజీ వదిలేలోపే తేల్చండి, మొదటి రెండు ఫోన్లు పక్కన కూర్చుని చేయించండి.