కంప్యూటర్ సైన్స్ చదవని వాళ్లకు ప్రోగ్రామింగ్ – 4వ భాగం: బెట్ట ఎన్నాళ్లు?

గత భాగంలో వర్షపాతం ఫైలు తెరిచి, రోజువారీ అంకెలను ‘వానలు’ అనే జాబితాలోకి తెచ్చుకున్నాం. ఈసారి ఆ జాబితాను ఒక ప్రశ్న అడుగుదాం. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఉన్న 122 రోజుల్లో, వాన లేకుండా వరసగా గడిచిన రోజులు, అంటే బెట్ట, ఎక్కువలో ఎక్కువ ఎన్ని?

అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. అనంతపురం వైపు వేరుశనగ వేసిన రైతుకు సీజన్ మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నది సగం సంగతే. కాయలు పట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు మూడు వారాలు బెట్ట వచ్చిందంటే ముందూ వెనకా ఎంత కురిసినా దిగుబడి దెబ్బతింటుంది. కూడి చూస్తే మామూలుగానే కనిపించే ఏడాది పొలంలో కరువు ఏడాది కావచ్చు. కూడికకైతే ఎక్సెల్ చాలు. ఇలా వరసను లెక్కపెట్టాల్సి వచ్చినప్పుడే ప్రోగ్రాం రాయడంలో అర్థం ఉంటుంది.

చాలా కాలేజీల్లో బీకాం, బీఎస్సీ పిల్లలకు మొదటి ల్యాబ్‌లో నక్షత్రాల పిరమిడ్ ప్రింట్ చేయిస్తారు. అది చేసినవాళ్లకు లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) వస్తుందేమో గానీ, లూప్ తనకెందుకన్నది మాత్రం తెలియదు. మనం ఈ పాఠాల్లో పిరమిడ్ జోలికి పోం.

ముందు కీబోర్డు పక్కన పెట్టి కాగితం తీయండి. సాధన కోసం నేను అల్లిన 12 రోజుల వర్షపాతం, మిల్లీమీటర్లలో:

0, 4.2, 0, 0, 1.8, 0, 11.0, 0, 0, 0, 0.6, 0

ఇందులో పెద్ద బెట్ట ఎన్ని రోజులు? చుక్క పడినా వానేనంటే 2, 5, 7, 11 తేదీల్లో వాన పడినట్టు. అప్పుడు పెద్ద బెట్ట 8 నుంచి 10 వరకు, 3 రోజులు. కానీ భారత వాతావరణ శాఖ లెక్క వేరు. రోజులో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే అది వర్షపు రోజు. ఆ లెక్కన 1.8, 0.6 ఎగిరిపోతాయి. మిగిలేవి 2, 7 తేదీలే. పెద్ద బెట్ట 8 నుంచి 12 వరకు, 5 రోజులు.

అంకెలు అవే, జవాబులు రెండు. ఎక్కడ గీత గీయాలో మనం ప్రోగ్రాం రాసే భాష పైథాన్ చెప్పదు. నేల తడవడం అంటే ఏమిటో తెలిసిన మీరే చెప్పాలి. ఈ కోర్సులో కంప్యూటర్ సైన్స్ వాళ్ల కంటే మీకు ఎక్కువ తెలిసిన చోటు ఇదే. అందుకని 2.5 అన్న అంకెను ప్రోగ్రాం మధ్యలో ఎక్కడో దాచకుండా పైనే ‘హద్దు’ అని పేరు పెట్టి ఉంచండి. రేపు మీ సార్ 5 పెట్టి చూడమంటే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు చేత్తో చేసిన పనినే తెలుగులో వాక్యాలుగా రాద్దాం. రెండు పేర్లు కావాలి. ఇప్పటిదాకా నడుస్తున్న బెట్ట ఒకటి, ఇంతవరకు చూసినవాటిలో పెద్ద బెట్ట ఒకటి.

హద్దు = 2.5
నడుస్తున్న_బెట్ట = 0
పెద్ద_బెట్ట = 0
వానలు జాబితాలో ఒక్కో వాన తీసుకుని:
    వాన హద్దు కంటే తక్కువైతే:
        నడుస్తున్న_బెట్టకు 1 కలుపు
    లేకపోతే:
        నడుస్తున్న_బెట్ట పెద్దదైతే దాన్నే పెద్ద_బెట్టగా పెట్టు
        నడుస్తున్న_బెట్ట = 0
పెద్ద_బెట్టను చూపించు

చదివితే సబబుగానే ఉంది. వాన పడగానే బెట్ట ముగిసింది కాబట్టి దాన్ని పాత రికార్డుతో పోల్చి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతున్నాం. దీన్ని మన 12 రోజులతో వేలు పెట్టి నడపండి. 7వ తేదీన నడుస్తున్న బెట్ట 4, పెద్ద బెట్ట కూడా 4 అవుతుంది. 8 నుంచి మళ్లీ లెక్క మొదలై 12కల్లా నడుస్తున్న బెట్ట 5కు చేరుతుంది. జాబితా అయిపోయింది. ప్రోగ్రాం చూపించేది మాత్రం 4.

ఎందుకంటే చివరి బెట్టను ముగించే వాన ఆ జాబితాలో లేదు. పోల్చే లైను వాన పడిన రోజునే పనిచేస్తుంది, ఆ రోజు రాలేదు. దీని తీవ్రత తెలియాలంటే 12 రోజులూ సున్నాలే పెట్టి చూడండి. చుక్క వాన లేని కాలానికి ఈ ప్రోగ్రాం చెప్పే జవాబు 0! ఎర్రర్ కూడా రాదు, కాబట్టి టెన్షన్ పడే అవకాశం కూడా ఇవ్వదు. ఎర్ర అక్షరాలతో ఆగిపోయే ప్రోగ్రాం కంటే నిమ్మళంగా తప్పు చెప్పే ప్రోగ్రాంతోనే అసలు ప్రమాదం.

సరిచేయడానికి కొత్త లైను అక్కర్లేదు. పోల్చే లైనును పైకి జరిపి, 1 కలిపిన వెంటనే పెట్టండి:

    వాన హద్దు కంటే తక్కువైతే:
        నడుస్తున్న_బెట్టకు 1 కలుపు
        నడుస్తున్న_బెట్ట పెద్దదైతే దాన్నే పెద్ద_బెట్టగా పెట్టు
    లేకపోతే:
        నడుస్తున్న_బెట్ట = 0

ఇక రికార్డు ఏ రోజుకారోజు తాజాగా ఉంటుంది. 12 రోజులకు 5 వస్తుంది, అన్నీ సున్నాలైతే 12, రోజూ పెద్ద వానే అయితే 0. ఈ మూడూ సరిగ్గా వచ్చాకే 122 రోజుల ఫైలు మీద నడపండి.

పైథాన్‌లోకి మార్చడం ఇప్పుడు సులువు. ‘ఒక్కో వాన తీసుకుని’ అన్నచోట ఫర్, ‘తక్కువైతే’ అన్నచోట ఇఫ్, ‘లేకపోతే’ అన్నచోట ఎల్స్, ‘చూపించు’ అన్నచోట ప్రింట్. లోపలికి జరిపిన నాలుగు ఖాళీలు అలాగే ఉండాలి. ఏ లైను ఏ షరతు కిందిదో పైథాన్‌కు తెలిసేది వాటితోనే. చరరాశుల (హద్దు, పెద్ద_బెట్ట లాంటివాటి) పేర్లు తెలుగులోనే ఉంచుకోవచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

ఫైలు నడిపాక రెండు చిక్కులు ఎదురవుతాయి. చిన్నది తేదీలది. వాతావరణ శాఖ ఉదయం 8.30కి కొలత తీసుకుని, అంతకు ముందు 24 గంటల వానను ఆ రోజు తేదీ కింద రాస్తుంది. అంటే జూన్ 1 సాయంత్రం కురిసింది జూన్ 2 గడిలో ఉంటుంది. మీ డైరీతో పోల్చి ఒకరోజు తేడా వచ్చిందని ప్రోగ్రాంను తిట్టకండి.

రెండోది ఖాళీ గడి. దాన్ని ఫ్లోట్‌తో (రాతను దశాంశ అంకెగా మార్చే పైథాన్ ఆదేశం) అంకెగా మార్చబోతే పైథాన్ వ్యాల్యూఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు అందరికీ వచ్చే మొదటి ఆలోచన అక్కడ సున్నా పెట్టేయడం. ఆ పని చేయకండి. ఖాళీ అంటే వాన పడలేదని కాదు, కొలత లేదని. మన జాబితాలో 10వ తేదీ ఖాళీ అనుకోండి. ఆ రోజు వాన లేకపోతే పెద్ద బెట్ట 5 రోజులు. పడి ఉంటే చివరి బెట్ట రెండు ముక్కలై, 3 నుంచి 6 వరకున్న 4 రోజులదే పెద్దది అవుతుంది. కాబట్టి రిపోర్టులో రాయాల్సింది ‘4 లేదా 5 రోజులు’ అని. ఖాళీలను ఒకసారి సున్నాతో, ఒకసారి హద్దు అంకెతో నింపి ప్రోగ్రాంను రెండుసార్లు నడిపితే ఈ రెండు అంకెలూ వచ్చేస్తాయి.

వ్యవసాయం కానివాళ్లు ఇదే ప్రోగ్రాంను తమ లెక్కకు తిప్పుకోండి. ఫార్మసీ, నర్సింగ్ వాళ్లు టీకాల ఫ్రిజ్‌లో గంటగంటకూ తీసిన ఉష్ణోగ్రతలు తీసుకోండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి హద్దులు రెండు, షరతు కాస్త మారుతుంది. బీకాం వాళ్లు ఒక ఖాతాలో నిల్వ కనీస మొత్తం కంటే తక్కువగా వరసగా ఎన్ని రోజులుందో చూడండి.

వచ్చే భాగానికి ఇంటిపని: పెద్ద బెట్ట ఎన్ని రోజులో కాదు, ఏ తేదీన మొదలైందో చెప్పించండి. ఇంకో పేరు కావాలి, దాన్ని ఏ లైను దగ్గర మార్చాలో ముందు కాగితం మీద తేల్చుకోండి. ఒకే పొడవున్న బెట్టలు రెండు వస్తే మొదటిది చూపాలా, రెండోదా అన్నది కూడా మీరే నిర్ణయించి, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి.