మార్చి నెలాఖరున గుల్‌మార్గ్ మంచు: విశాఖ నుంచి వెళ్లేవారికి సూచనలు

విశాఖపట్నం నుంచి స్కీయింగ్ కోసం కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లే కుటుంబాలలో చాలామందికి, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు ఉంటే, పరీక్షలు ముగిశాక మార్చి చివరి వారంలోనే వీలు చిక్కుతుంది. అప్పటికి అక్కడ ఉండేది జనవరి నాటి పొడి మంచు కాదు. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మర్నాడు మళ్లీ కరగడం వల్ల సన్నని స్ఫటికాలు ఒకదానితో ఒకటి కలిసి కల్లుప్పు రవ్వలంత గుండ్రని గింజలుగా మారతాయి. స్కీయర్లు 'కార్న్ స్నో' అని పిలిచే ఈ మంచు సరైన వేళలో దొరికితే, కొత్తవారికి ఇంతకంటే హాయైన వాలు మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ వేళను పసిగట్టడమే అసలు పని.

అందుకు ముందు రాత్రి ఆకాశాన్ని చూడాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది కాబట్టి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా పైపొర గట్టిపడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడిలో చాలా భాగం తిరిగి కిందికే చేరుతుంది, మంచు సరిగా గడ్డకట్టదు. అటువంటి మర్నాడు నిటారు వాలుల జోలికి పోకూడదు.

తెల్లవారుజామున వాలు గాజుపలకలా ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తొందరపడి ఎనిమిది గంటలకే దిగి మోచేతికి దెబ్బ తగిలించుకున్నాను. ఎండ మొదట తూర్పు వాలును, తరువాత దక్షిణపు వాలును, చివరికి పడమటి వాలును మెత్తబరుస్తుంది కనుక అదే వరుసలో మారుతూ వెళ్లాలి. చేతికర్రతో గుచ్చినప్పుడు పైన అంగుళం మెత్తగా, దాని కింద గట్టిగా తగిలితే జారడానికి అదే అదను. ఆర్కే బీచ్‌లో అల తడిపిన ఇసుక మీద అడుగు తేలిగ్గా సాగుతుంది, పొడి ఇసుకలో దిగబడుతుంది. మంచులో ఇది తలకిందులు, తడి పెరిగేకొద్దీ కాలు కూరుకుపోతుంది. బూటు చీలమండ దాటి దిగినా, మంచు ఉండలు వాటంతట అవే దొర్లుతూ కిందికి వచ్చినా, తడి మంచు చరియ విరిగిపడే ముప్పు ఉన్నట్లు గ్రహించి వెంటనే ఆ వాలును విడిచిపెట్టాలి.

గుల్‌మార్గ్ మైదానం సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, గొండోలా (తీగమార్గం) రెండో దశ దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కాబట్టి కింద బురదలా మారినప్పుడు కూడా పైన మంచు గట్టిగానే ఉండవచ్చు. అయితే పైవాలులు అనుభవజ్ఞులవి. గైడు లేకుండా, వాలుల భద్రత చూసే స్కీ పట్రోల్ సిబ్బంది హెచ్చరికలు తెలుసుకోకుండా అక్కడ దిగకూడదు. సముద్రమట్టం నుంచి వెళ్లే మనం మొదటి రోజు విశ్రాంతి తీసుకోవడం అవసరం.

నీడలోంచి ఎండలోకి వచ్చేచోట తడి మంచు స్కీలను హఠాత్తుగా పట్టేసి మనిషిని ముందుకు తూలేలా చేస్తుంది. మోకాళ్లు వంచి, ఒక పాదం కాస్త ముందుంచితే నిలదొక్కుకోవచ్చు. అద్దె దుకాణంలో వెచ్చని వాతావరణానికి తగిన మైనం స్కీల అడుగున పూయించుకోవాలి.

తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు తిప్పికొడుతుంది. చల్లగాలిలో ఆ మంట తెలియదు కనుక గడ్డం కింద, ముక్కుపుటాల అంచుల్లో కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి, కళ్లద్దాలు తీయకూడదు. సాయంత్రం బూట్ల లోపలి తొడుగులను బయటికి తీసి, బుఖారీకి (గది వెచ్చబరిచే పొయ్యికి) మరీ దగ్గరగా కాకుండా ఆరబెడితే మర్నాటి ఉదయానికి పొడిగా ఉంటాయి.