ఆఫీసులో సతాయించే సహోద్యోగితో ఎలా వేగాలి?

సాయంత్రం ఏడింటికి రాయదుర్గంలో మెట్రో ఎక్కి చూడండి. అమీర్‌పేట వచ్చేలోపు ఒక్క ఫోన్ సంభాషణైనా చెవిన పడుతుంది, "మళ్లీ అదే పని చేశాడు" అంటూ. ఎక్కువసార్లు అది బాస్ గురించి కాదు, పక్క సీటాయన గురించే. బాస్‌ను రోజుకు అరగంట భరిస్తే చాలు. పక్క సీటుతో తొమ్మిది గంటలు వేగాలి.

నేను ఈ ఊళ్లో 14 ఏళ్లుగా ఆఫీసులు మారుతూ పనిచేస్తున్నాను. నన్ను ముప్పుతిప్పలు పెట్టినవాళ్లు ముగ్గురు. నేను ముప్పుతిప్పలు పెట్టిన మనిషి ఒకరు. ఆ సంగతి ఆమె ఉద్యోగం మానేసి వెళ్తూ చెబితే గానీ నాకు తెలియలేదు. కాబట్టి ఎదుటి మనిషిని మార్చే చిట్కాలేవీ నా దగ్గర లేవు. మనిషి జోలికి పోకుండా, పని దగ్గర చిక్కును ఎలా విప్పుకోవాలన్నదే నాకు కొంత తెలుసు.

ముందు రెండు వారాలు రాసుకోండి

ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. అందులో "పొగరుబోతు", "కుళ్లుబోతు" లాంటి మాటలు రాయొద్దు. తేదీ, సమయం, ఏం జరిగింది, దాంతో మీకేమైంది, ఎవరు చూశారు, ఇంతే. "మంగళవారం సాయంత్రం 6:40కి లెక్కలు పంపాడు. బుధవారం 10 గంటలకల్లా రిపోర్టు ఇవ్వాలి. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను." ఇలా.

ఇదంతా ఫిర్యాదు కోసమని అనుకుంటారు. ముందు మీ కోసమే. పైన రాసింది నా నోటుబుక్‌లోదే. ఆయన కావాలనే ఆలస్యం చేస్తున్నాడని నేను ఉడికిపోయేవాణ్ణి. రెండు వారాల్లో ఆరుసార్లు రాశాను. తిరిగి చదివితే, నాలుగుసార్లు ఆయనకే ఆ లెక్కలు ఐదు దాటాక వచ్చాయి. ఆయన నిర్లక్ష్యం రెండుసార్లే. నా కోపం తగ్గిందని చెప్పను, అడగాల్సిన మాట మాత్రం మారిపోయింది.

ఒక జాగ్రత్త. ఈ రాతలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు. ఆఫీసు మెయిళ్లను సాక్ష్యమంటూ సొంత జీమెయిల్‌కు పంపుకోవద్దు. చాలా కంపెనీల్లో అది డేటా బయటికి పంపడం కిందికి వస్తుంది. ఫిర్యాదు చేయబోయి మీరే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. మెయిల్ తేదీ, సబ్జెక్టు రాసుకుంటే చాలు, అవసరమైనప్పుడు కంపెనీయే వెతికి తీస్తుంది.

కొన్నిటిని లైట్ తీసుకోండి

ఫోన్లో గట్టిగా మాట్లాడటం, ఏసీ 18లో పెట్టడం, పొద్దున్నే రాజకీయాలు మొదలుపెట్టడం. వీటికి హెడ్‌ఫోన్స్, స్వెటర్ చాలు. మీ పనికో పేరుకో గౌరవానికో దెబ్బ తగిలితేనే తర్వాతి మెట్టు ఎక్కండి.

నేరుగా మాట్లాడండి: ఒక్కరితో, ఒక్క విషయం

అందరూ దాటేసేది ఈ మెట్టునే. పక్కవాళ్లకు చెబుతారు, ఇంట్లో చెబుతారు, చివరికి మేనేజర్‌కూ చెబుతారు, ఆ మనిషికి తప్ప.

మన ఆఫీసుల్లో దీనికో కారణం ఉంది. చేరిన రెండో రోజుకే అందరూ అన్న, అక్క, తమ్ముడు అయిపోతారు. "తమ్మీ, ఈ ఒక్కటి చేసి పెట్టవా" అంటే కాదనలేం. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఒక్కటీ మన ఉద్యోగంలో భాగమైపోతుంది. వరస కలిపిన మనిషిని పని గురించి నిలదీయాలంటే నోరు రాదు. అలాగని నిన్నటిదాకా అన్న అన్నాయన్ను ఉన్నట్టుండి "సార్" అనడం మొదలుపెడితే గొడవకు దిగినట్టే. వరసను అలాగే ఉంచి, పనిని విడదీయండి: "అన్నా, మీరడిగితే కాదనలేక ఇన్నాళ్లూ చేశాను. ఇప్పుడు నా పని ఆగిపోతోంది. శుక్రవారం రిపోర్టు ఇక మీరే చూసుకోవాలి. ఈ ఒక్క వారం పక్కన కూర్చుని చూపిస్తాను."

చోటు కూడా ముఖ్యమే. మీటింగులో, వాట్సాప్ గ్రూపులో, లిఫ్టులో అడగొద్దు. నలుగురి ముందు అడిగితే ఎవరైనా ముందు పరువు కాపాడుకోవాలని చూస్తారు, మీ మాట వినరు. ఆఫీసు కింద ఛాయ్ బండి నా లెక్కలో మంచి చోటు. అయితే సాయంత్రం నాలుగింటికి వద్దు, సగం ఫ్లోర్ అక్కడే ఉంటుంది. పదకొండున్నరకు పిలవండి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కన్నా, గ్లాసు పట్టుకుని పక్కపక్కన నిలబడి రోడ్డు చూస్తూ మాట్లాడటం ఇద్దరికీ తేలిక. ఆ మనిషితో బయటికి వెళ్లడం ఇబ్బందనిపిస్తే అద్దాల గోడలున్న మీటింగ్ రూమ్ మేలు.

ఏం జరిగింది, నాకేమైంది, ఇకపై ఏం కావాలి. ఈ మూడే చెప్పండి. "నిన్న క్లయింట్ కాల్‌లో నేను చెబుతుంటే రెండుసార్లు మధ్యలో అందుకున్నారు. నేను చెప్పాల్సింది సగం మిగిలిపోయింది. రేపు నా భాగం అయ్యాక మీరు మాట్లాడతారా?" అంతే, ఆగిపోండి. ఆ తర్వాతి నిశ్శబ్దం భరించలేక మనమే "ఏం లేదులే, ఊరికే అన్నా" అనేస్తాం. ఆ మాట అనకుండా ఉండటమే ఇందులో కష్టమైన పని.

"నువ్వెప్పుడూ ఇంతే" అనొద్దు. "అందరూ అనుకుంటున్నారు" అసలే వద్దు, ఆ అందరూ ఎవరో ఆరా తీయడంలో పడిపోతారు. "సరదాకి అన్నాను, ఇంత సీరియస్ అవుతావేంటి" అని వస్తే, "సరదాకే అన్నారు, సరే. నాకు మాత్రం సరదాగా లేదు. క్లయింట్ ముందు వద్దు" అని అదే గొంతుతో చెప్పండి.

ఇంకో మాట. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో తెలుగు రానివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల ముందు మనం తెలుగులో ఏదో అనుకుని నవ్వుకుంటే, వాళ్ల నోటుబుక్‌లో ఎవరి పేరుంటుందో ఊహించుకోండి. నేను సతాయించానన్న ఆమె చెప్పింది ఇదే.

పని కొట్టేసేవాళ్లు, పుల్లలు పెట్టేవాళ్లు

వీళ్లతో ఛాయ్ బండి దగ్గరి మాటలు పెద్దగా పనిచేయవు. మీ పనిని తన పేరు మీద చెప్పుకునే మనిషిని మీటింగులో పట్టుకుని లాభం లేదు. మీటింగుకు ముందు రోజే "నేను తయారుచేసిన వివరాలు ఇవి, రేపటి చర్చకు పనికొస్తాయి" అని వచ్చేవాళ్లందరికీ మీరే మెయిల్ పెట్టేయండి. ఆ తర్వాత ఎవరు చెప్పుకున్నా, పని ఎవరిదో అందరికీ తెలిసే ఉంటుంది.

"ఆమె నీ గురించి ఇలా అంది తెలుసా" అని మోసుకొచ్చేవాళ్లకు ఒకటే జవాబు: "అవునా, పదండి, మీరుండగానే ఆమెను అడుగుదాం." రెండోసారి మీ దగ్గరికి ఆ కబుర్లు రావడం నేను చూడలేదు.

మాట్లాడాక రెండు లైన్ల మెయిల్

"ఇందాక అనుకున్నట్టు, లెక్కలు సాయంత్రం 4 లోపు పంపుతారు, ఆలస్యమైతే 3 కల్లా చెబుతారు. థ్యాంక్స్." ఇంతకు మించొద్దు. మొదటి మెయిల్‌కే మేనేజర్‌ను సీసీలో పెట్టేవాళ్లుంటారు. గోటితో పోయేదానికి గొడ్డలి అన్నట్టుంటుంది. ఆ తర్వాత ఆ మనిషి మీతో నోటితో మాట్లాడటం మానేసి, ప్రతిదానికీ మెయిలే పెడతాడు.

మారకపోతే మేనేజర్ దగ్గరికి

మూడు నాలుగు వారాలు చూడండి. తర్వాత నోటుబుక్‌లోంచి మూడు సంఘటనలు, మీరు మాట్లాడిన తేదీ, మీరు కోరేది పట్టుకుని వెళ్లండి. "అతనితో పడట్లేదు" అంటే మేనేజర్ ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దుకుపొమ్మంటారు. "రివ్యూ ఇంకొకరికి ఇవ్వండి, నెలలో రెండు డెలివరీలు ఆగాయి" అంటే ఆలోచిస్తారు. అప్రైజల్ నెలలో వెళ్లకండి, అక్కసుతో చెబుతున్నారనుకుంటారు.

మేనేజరే సమస్య అయితే ఆయన పైవాళ్లు, లేదా హెచ్ఆర్. హెచ్ఆర్‌లో ఎంత మంచివాళ్లున్నా, వాళ్లు కంపెనీ తరఫు మనుషులు. మాటలతో సరిపెట్టకుండా రాసి ఇవ్వండి.

ఈ మెట్లేవీ వర్తించని సందర్భాలు

ఉత్త నసను ఆపడానికి మన దగ్గర ప్రత్యేకంగా చట్టం లేదు. లైంగిక వేధింపులకు ఉంది, అక్కడ ఛాయ్ బండి మాటలు అక్కర్లేదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సంఘటన జరిగిన 3 నెలల్లోపు బాధితురాలు ఫిర్యాదు రాసి ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలల దాకా గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా బదిలీ గానీ, 3 నెలల వరకు సెలవు గానీ రాతపూర్వకంగా కోరవచ్చు. పది మంది కన్నా తక్కువున్నా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. మనం ఊరంతటినీ హైదరాబాద్ అంటాం గానీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. చూసుకుని వెళ్లండి.

ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులను ఆ వర్గాలకు చెందనివాళ్లు నలుగురి ముందు కులం పేరుతో అవమానిస్తే అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చే నేరం. కొడితే, బెదిరిస్తే పోలీసులే.

ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలై, నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఉద్యోగం మారడం కూడా ఒక దారే. రాజీనామా టైప్ చేసే ముందు ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో ఒకసారి చూసుకోండి.

నా లెక్కలాయనతో నేను ఛాయ్ బండి దగ్గర మాట్లాడాను. ఇద్దరం కలిసి టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లి, ఆయనకు లెక్కలు మధ్యాహ్నమే వచ్చేలా చేయించుకున్నాం. ఇప్పటికీ మా ఇద్దరికీ పడదు, క్యాంటీన్‌లో వేరే బల్లల దగ్గరే తింటాం. ఫైలు మాత్రం నాలుగు లోపు వస్తోంది.