చక్రాల మీద గది – నాలుగో పాఠం: లాగుతున్న ట్రైలర్‌లో జనరేటర్ నడపడం

ముందుగా మూడో పాఠం చివర ఇచ్చిన లెక్క సంగతి తేల్చుకుందాం. ట్రైలర్ బరువు 900 కిలోలు. హుక్కు ఇరుసుకు 3.5 మీటర్ల ముందు ఉంది, వెనుక బంపర్ 2.5 మీటర్ల వెనుక ఉంది. హుక్కు మీద 100 కిలోల బరువు పడుతోంది. బంపర్ మీద 40 కిలోల జనరేటర్ బిగిస్తే ఏమవుతుంది? 40ని 2.5తో హెచ్చించి 3.5తో భాగిస్తే దాదాపు 28.6 కిలోలు వస్తుంది. హుక్కు మీద బరువు అంతమేర తగ్గి దాదాపు 71 కిలోలు మిగులుతుంది. ట్రైలర్ మొత్తం బరువు 940 అయింది కనుక ఇది ఎనిమిది శాతం కూడా కాదు. హుక్కు మీద మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలని చెప్పుకున్నాం. తోక బరువెక్కిన ట్రైలర్‌తో జాతీయ రహదారి ఎక్కితే, కావలి దాటాక సముద్రపు గాలి అడ్డంగా కొడుతున్నప్పుడు ఒక లారీ పక్కనుంచి దూసుకుపోయిందంటే చాలు, వెనుక ఊగుడు మొదలవుతుంది. ‘బంపర్ మీద ఖాళీ ఉంది కదా, అక్కడే పెట్టేద్దాం’ అని వెల్డింగ్ షాపులో ఎవరైనా సలహా ఇస్తే ఈ లెక్క చూపించండి.

ఇక అసలు పాఠం. బండి కదులుతుండగా జనరేటర్ నడపవచ్చా అని అడిగే ముందు, నడపవలసిన అవసరం ఉందా అని అడగాలి. నెల్లూరు నుంచి ఒంగోలుకు దాదాపు 120 కిలోమీటర్లు. ట్రైలర్‌ను లాగుతూ నిదానంగా వెళ్తూ, మధ్యలో ఒకచోట టీ తాగినా మూడు గంటల ప్రయాణం. ఆ మూడు గంటల్లో ట్రైలర్ లోపల కరెంటు ఎవరికి కావాలి? లాగుతున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదని మొదటి పాఠంలోనే రాసుకున్నాం. కాబట్టి దీపాలు, ఫ్యాన్లు లెక్కలోకి రావు. మిగిలేవి ఫ్రిజ్, ఏసీ.

ఫ్రిజ్ లెక్క చూడండి. చిన్న ఫ్రిజ్ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు సుమారు 100 వాట్లు తీసుకుంటుంది, సగం సేపు ఆగి ఉంటుంది. మూడు గంటలకు 150 వాట్-అవర్లు. ఇన్వర్టర్ తనకోసం తినేది కలిపితే 180 అనుకుందాం. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో 1,200 వాట్-అవర్లు ఉంటాయి. సగానికి మించి వాడకూడదన్న నియమం పెట్టుకున్నా 600 మన చేతిలో ఉన్నట్టే. అంటే జనరేటర్ ఊసే లేకుండా ఒంగోలు చేరి, కొత్తపట్నం తీరంలో సాయంత్రం గడిపి, చల్లటి మజ్జిగ తాగవచ్చు.

పైగా ముందున్న బండి ఇంజను ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. ఆ ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి ట్రైలర్ బ్యాటరీకి వైరు లాగితే దారిపొడవునా చార్జింగ్ అవుతుంది. చాలామంది చతికిలపడేది ఇక్కడే. ఇంటి వైరింగులో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పని కానిచ్చేస్తారు. బండి ముందు భాగం నుంచి ట్రైలర్ బ్యాటరీ దాకా ఆరు మీటర్లు అనుకుంటే, పోనురాను పన్నెండు మీటర్లు. ఆ రాగి తీగ నిరోధం దాదాపు 0.09 ఓములు. 20 ఆంపియర్లు పంపితే దారిలోనే 1.8 వోల్టులు పోతాయి. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే బ్యాటరీ దగ్గర 12.4 మిగులుతుంది. దానితో బ్యాటరీ నిండదు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేస్తే పోయేది 0.3 వోల్టు మాత్రమే. రెండు చివర్లా ఫ్యూజు పెట్టండి. వీలైతే వచ్చే వోల్టేజీని బ్యాటరీకి సరిపోయేలా సర్ది ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ కూడా బిగించండి. జనరేటర్ కొనే ఖర్చులో చిన్న భాగంతో ఈ పని పూర్తవుతుంది.

ఏసీ సంగతి వేరు. ఒక టన్ను ఏసీకి వెయ్యి నుంచి పన్నెండు వందల వాట్లు కావాలి. ఒక్క బ్యాటరీ దాన్ని మోయలేదు. అయితే ఎవరూ లేని గదిని మూడు గంటలు చల్లబరచడం దేనికి? రోహిణి కార్తె ఎండలో రేకు గది నిప్పుల గుండంలా ఉంటుంది, నిజమే. కానీ చేరాక కిటికీలన్నీ తెరిచి వేడిగాలి బయటికి పోనిచ్చి, తరువాత జనరేటర్ వేస్తే అరగంటలో గది దారికొస్తుంది. దారిపొడవునా నడిపితే గంటకు సుమారు ముప్పావు లీటరు పెట్రోలు కాలుతుంది. నా మట్టుకు నేను దాన్ని దండగ అంటాను. పెళ్లిళ్లకు వంట సరుకు మోసే పెద్ద డీప్ ఫ్రీజర్ ట్రైలర్‌లో ఉంటే అప్పుడు మాత్రం ఆలోచించవచ్చు. ఇకనుంచి చెప్పేదంతా అలాంటి అవసరం ఉన్నవారికి.

మొదట యంత్రం ఎంపిక. చేతితో పట్టుకెళ్లే జనరేటర్‌ను చదునైన నేల మీద, కదలకుండా ఉంచి నడపాలని దాని పుస్తకంలోనే ఉంటుంది. కారణాలు లోపల ఉన్నాయి. ఆయిల్ తక్కువైతే ఇంజనును ఆపేసే సెన్సార్ ఒకటి ఉంటుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, నిండుగా ఉన్నా లేదనుకుని సెన్సార్ ఇంజనును ఆపేస్తుంది. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ తొట్టిలో పెట్రోలు మట్టాన్ని కాచే ఫ్లోటు గతుకులకు ఎగిరి పెట్రోలు పొంగుతుంది. ట్యాంకు మూతకు ఉన్న గాలి రంధ్రం నుంచి పెట్రోలు చింది వేడి సైలెన్సర్ మీద పడటం అన్నిటికన్నా ప్రమాదం. నడుస్తున్న బండిలో వాడటానికే తయారైన స్థిర జనరేటర్లు వేరే ఉన్నాయి. కమిన్స్ సంస్థ ఓనన్ పేరుతో చేసేవి ఆ కోవలోవి. ఖరీదు ఎక్కువే. అయినా కదులుతుండగా నడపాలంటే అవే తీసుకోవాలి. చేతి జనరేటర్‌ను బండి ఆగినప్పుడు కింద దించి వాడుకోండి.

బిగించే చోటు హుక్కు దగ్గరి త్రికోణం, అంటే ట్రైలర్ ముందు హుక్కు వైపుకు కలిసే ఇనుప చట్రం. బరువు లెక్కలూ అక్కడే కుదురుతాయి. రబ్బరు బుష్‌లు, నైలాన్ పట్టు ఉన్న నట్లు వాడండి. నట్టు బిగించాక దాని మీదుగా బోల్టు మీదికి, పక్కనున్న ఇనుము మీదికి ఒకే గీతగా ఎర్రటి నెయిల్ పాలిష్ పూయండి. టంగుటూరు టోల్ గేటు దాటాక పక్కకు ఆపి చూస్తే, గీత విరిగి పక్కకు జరిగిందా లేదా అన్నది పానా తీయకుండానే కనిపిస్తుంది.

ఇప్పుడు పొగ. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. బరువు గాలితో దాదాపు సమానం కాబట్టి కిందికి దిగిపోతుందనో పైకి పోతుందనో ధీమా పడకూడదు. పెట్టెలాంటి ట్రైలర్ ముందుకు పోతుంటే దాని వెనుక పీడనం తగ్గి, గాలి సుడి తిరుగుతూ వెనుక గోడ వైపుకే వస్తుంది. ఇది కళ్లారా చూడాలంటే వెనుక గోడకు, పక్క కిటికీల అంచులకు జానెడు నూలు పోగులు టేపుతో అంటించండి. వెనుక మరో బండిలో ఒకరిని రమ్మని ఫోనులో వీడియో తీయించండి. పక్క పోగులు వెనక్కి సాగి ఉంటాయి. వెనుక గోడ పోగులు మాత్రం పైకీ కిందికీ గోడను రాసుకుంటూ కొట్టుకుంటాయి. ఆ సుడిలోకి పొగగొట్టం తెరుచుకుంటే వెంటిలేటర్ గుండా పొగ గదిలోకి చేరి, మీరు దిగి తలుపు తీసేసరికి కాచుకుని ఉంటుంది. పొగగొట్టం పక్కకు, రోడ్డు మధ్య వైపుకు, కిటికీ లేని చోటికి తెరుచుకోవాలి. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. చేరాక తలుపు, కిటికీలు తెరిచి పది నిమిషాలు ఆగి లోపలికి వెళ్లండి.

బండి ఆగినప్పుడు లెక్క మారుతుంది. వెనుక నుంచి గాలి వీస్తుంటే త్రికోణం దగ్గరి పొగ మీ బండిలోకే వస్తుంది. టోల్ గేటు వరుసలో నిలబడితే జనరేటర్ ఆపేయండి. శ్రీశైలం దారిలో రాత్రిపూట అటవీ శాఖ గేట్లు మూస్తుంది. తెల్లవారే దాకా కాచుకున్న బండ్లలో అద్దాలు దించుకుని జనం నిద్రపోతుంటారు. అక్కడ జనరేటర్ వేయడం పక్కవాళ్ల ప్రాణాలతో చెలగాటం. పెట్రోలు బంకులోకి తిరగక ముందే ఆపాలని వేరే చెప్పనక్కరలేదు. పెట్రోలు ఆవిరికి సున్నా కన్నా నలభై డిగ్రీలు తక్కువ చలిలోనూ మంట అంటుకుంటుంది.

చివరిది ఎర్తు. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, భూమితో సంబంధం లేదు. చాలా జనరేటర్లలో న్యూట్రల్ ఎర్తుతో ఎక్కడా కలవకుండా తేలుతూ ఉంటుంది. ఈ స్థితిలో ఫ్రిజ్ ఒంటికి ఫేజు తగిలినా, లీకైన కరెంటు తిరిగిపోయే దారి లేక కరెంటు లీకైతే సరఫరా ఆపేయవలసిన 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ట్రిప్ కాదు. కాబట్టి జనరేటర్ ఒళ్లు, ట్రైలర్ చాసిస్, ఎర్తు వైరు మూడింటినీ లావు రాగి తీగతో కలపాలి. న్యూట్రల్‌ను జనరేటర్ దగ్గర ఒక్కచోట మాత్రమే ఎర్తుకు కలపాలి. తేలే న్యూట్రల్ ఉన్న ఇన్వర్టర్ జనరేటర్‌ను అలా కలపవచ్చో లేదో దాని పుస్తకం చూసి, పరిచయమున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. తరువాత ఆర్‌సీసీబీ మీది టెస్ట్ మీట నొక్కి ఊరుకోకండి. ఆ మీట తన లోపలి దారినే పరీక్షిస్తుంది, మీ ఎర్తును కాదు. ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే టెస్టర్‌తో సాకెట్ దగ్గర చూపించుకోండి.

అభ్యాసం: మీ బండి ముందు నుంచి ట్రైలర్ బ్యాటరీ దాకా దూరం కొలవండి. 2.5, 6, 16 చదరపు మిల్లీమీటర్ల వైర్లతో 20 ఆంపియర్ల దగ్గర ఎన్ని వోల్టులు పోతాయో లెక్కకట్టండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు 0.018 ఓము చొప్పున తీసుకోండి. అయిదో పాఠంలో ట్రైలర్‌ను ఇంటి సాకెట్‌కు కలిపినప్పుడు జనరేటర్‌తో పోట్లాట రాకుండా చేంజోవర్ స్విచ్ బిగించడం చూద్దాం.